బీట్ అయితే సిగ్గేంటి?

మా నెట్స్ వెనక రోజూ సాయంత్రం ఒక నాన్నగారు నిలబడతారు. చేతిలో చిన్న పాకెట్ పుస్తకం. పదమూడేళ్ల కొడుకు మంచి షాట్ కొట్టినప్పుడల్లా అందులో ఒక గీత గీస్తారు. పోయిన డిసెంబర్లో ఒకరోజు వాడు నాలుగు ఓవర్లు ఆడితే పుస్తకంలో ఒక్క గీతా పడలేదు. పైగా ఏడెనిమిది బంతులు బ్యాట్ పక్కనుంచి దూసుకుపోయి వెనక వలలో పడ్డాయి. నేను చప్పట్లు కొట్టాను. ఆయన దగ్గరికొచ్చి, ఎంతో మర్యాదగానే అడిగారు.

"సార్, నెలనెలా ఫీజు కడుతున్నది మావాడు బీట్ అవ్వడానికాండీ?"

అవునండీ అన్నాను. ఆయనకి నచ్చలేదు. నచ్చకపోవడంలో ఆయన తప్పేం లేదు. మన దేశంలో బ్యాట్ పట్టిన ప్రతివాడూ బంతి తగలకపోతే పరువు పోయిందనే అనుకుంటాడు. ఆ పరువు గోలే మనవాళ్ల కొంప ముంచుతోందని నా వాదన. ఇంగ్లండ్‌లో, న్యూజిలాండ్‌లో, దక్షిణాఫ్రికాలో పచ్చిక మిగిల్చిన పిచ్ మీద మనవాళ్లు కూలిపోయిన ప్రతిసారీ టీవీలో ఫుట్‌వర్క్ పాఠం మొదలవుతుంది. కాళ్లు కదల్లేదంటారు, బ్యాట్ అడ్డంగా వచ్చిందంటారు. అవీ నిజమే. అసలు సంగతి మాత్రం చేతుల్లో ఉంది. ఇంకా చెప్పాలంటే మొహంలో ఉంది. బీట్ అయిన తర్వాత బ్యాటర్ మొహం చూడండి, వాడు ఎంతసేపుంటాడో తెలిసిపోతుంది.

నాకు ఈ సంగతి తెలిసింది 1996లో. విశాఖలో యూనివర్సిటీకి ఓపెనింగ్ ఆడి, ఇక నాకు రానిది లేదనుకుంటున్న రోజులు. యార్క్‌షైర్‌లో ఒక చిన్న క్లబ్బుకి ఒక సీజన్ ఆడటానికి వెళ్లాను. జీతం లేదు. ఒక షాపు మీద గది ఇచ్చారు. ఖర్చులకి హోటల్లో గిన్నెలు కడిగాను. ఏప్రిల్ చివర్లో మొదటి మ్యాచ్. రెండు స్వెటర్లు వేసుకున్నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గ్రౌండ్‌లోకి దిగాక వికెట్ ఎక్కడుందో ఒక్క క్షణం తెలియలేదు. స్టంప్స్ పాతి ఉన్నాయి కాబట్టి అదే అనుకున్నాను. బొటనవేలి గోరుతో నొక్కితే గోరు దిగింది. మా ఊళ్లో వికెట్ మీద గోరు నొక్కితే విరిగేది గోరే.

బౌలర్ వృత్తికి పోస్ట్‌మన్. నలభై దాటాయి, కొంచెం బొజ్జ కూడా ఉంది. ఎనిమిది అడుగులు పరిగెత్తుకొచ్చి, మా చెల్లెలు కూడా ఆడగలిగేంత వేగంతో వేశాడు. మొదటి బంతి ఆఫ్ స్టంప్ మీద పడి బయటికి పోయింది, బీట్. రెండోది అక్కడే పడి లోపలికొచ్చి తొడకి తగిలింది. మూడోది మళ్లీ బయటికి. నాలుగు, ఐదు కూడా అంతే. స్లిప్‌లో ఉన్న ముసలాయన నవ్వుతున్నాడు. నాకు చెవులు కాలిపోయాయి. మ్యాటింగ్ మీద ఇతని కన్నా రెండింతలు వేగంగా వేసేవాళ్లని హుక్ కొట్టినవాణ్ణి నేను. ఆరో బంతికి ముందుకు ఉరికి కవర్ డ్రైవ్ వేశాను. నవ్వుతున్న ముసలాయనే ఆ క్యాచ్ పట్టుకున్నాడు.

సాయంత్రం క్లబ్బులో ఆ పోస్ట్‌మనే నా పక్కన కూర్చున్నాడు. మొదటి ఐదు బంతులూ బాగా ఆడావన్నాడు. ఎగతాళి అనుకున్నాను. కాదు, నిజంగానే అన్నాడు. నీ బ్యాట్ ఒకే గీత మీద నిలిచింది, బంతి దాన్ని దాటి పోయింది, అందులో నీ తప్పేముంది? ఆరో బంతికి మాత్రం నువ్వు బంతి వెనకాల పడ్డావు, అంతే. ఆ రోజు గోరువెచ్చటి బీరుతో పాటు నాకు దొరికిన జ్ఞానం అది. (అదే జూన్‌లో లార్డ్స్‌లో గంగూలీ, ద్రావిడ్ తొలి టెస్టు ఆడారు. ఒకరివి 131, ఇంకొకరివి 95. ఆ రోజు క్లబ్బులో నేను కాలర్ ఎగరేసి తిరిగాను. అది వేరే కథ.)

ఆ పోస్ట్‌మన్ మాట అర్థం కావాలంటే స్వింగ్‌కీ సీమ్‌కీ తేడా తెలియాలి. స్వింగ్ అయ్యే బంతి గాల్లో ఉండగానే వంగుతుంది. మణికట్టు చూసో, మెరుపు ఏ వైపుందో చూసో కొంత పసిగట్టొచ్చు. సీమ్ అయ్యే బంతి నేల తాకాక తిరుగుతుంది. కుట్టు పచ్చిక మీద, తడి మీద ఎలా పడితే అలా, ఇటో అటో పోతుంది. ఎటు పోతుందో చాలాసార్లు వేసినవాడికే తెలియదు. వేసినవాడికే తెలియనిదాన్ని ఆడేవాడు కనిపెట్టి ఆడతానంటే ఎలా? చేయగలిగింది ఒక్కటే. నేరుగా వస్తే ఎక్కడికి వస్తుందో అక్కడ బ్యాట్ పెట్టాలి. ఒంటికి దగ్గరగా, ఆలస్యంగా, చేతులు వదులుగా. తిరిగితే తిరగనీ. ఎక్కువ తిరిగితే బీట్ అవుతాం, బతుకుతాం. తిరిగిన బంతిని చివరి క్షణంలో చేతులతో వెతుక్కుంటూ పోయామా, స్లిప్‌కి పండగే.

2020 డిసెంబర్ 19న అడిలైడ్‌లో మనవాళ్ల 36 పరుగుల ఇన్నింగ్స్ గుర్తుందా? మర్చిపోయానని ఎవరన్నా అంటే నేను నమ్మను. పింక్ బంతి, హేజిల్‌వుడ్ 8 పరుగులకి 5 వికెట్లు, మయాంక్ చేసిన 9 అత్యధిక స్కోరు. ఆ స్కోర్‌కార్డు మళ్లీ ఒకసారి చదవండి. మయాంక్, పుజారా, రహానే, విహారి, అశ్విన్, ఐదుగురూ కీపర్ పెయిన్ చేతికే చిక్కారు. కోహ్లి గల్లీలో. ఆ బంతుల్లో మంచి బంతులు ఉన్నాయి, కాదనను. పుజారాకి పడ్డది ఎవరికి పడ్డా అంతే. కానీ మామూలు రోజున అలాంటి గంటలో బ్యాట్ పక్కనుంచి పోయే బంతులు ఎన్నో ఉంటాయి. ఆ రోజు తగలకూడని బంతి ప్రతిదీ తగిలినట్టే అనిపించింది. సగం దురదృష్టం. మిగతా సగం గురించే నా గోల.

కోహ్లి సంగతే తీసుకోండి. 2014 ఇంగ్లండ్ సిరీస్‌లో పది ఇన్నింగ్స్‌లకి 134 పరుగులు, అండర్సన్‌కి నాలుగుసార్లు దొరికాడు. 2018లో అదే ఇంగ్లండ్‌లో 593 పరుగులు, అండర్సన్‌కి ఒక్కసారి కూడా వికెట్ ఇవ్వలేదు. క్రీజు బయట నిలబడ్డాడనీ, బంతి తిరిగే లోపే అందుకున్నాడనీ అందరూ రాశారు. నిజమే. కానీ ఎడ్జ్‌బాస్టన్‌లో ఆ 149 ఇన్నింగ్స్ మొదటి గంట నాకు ఇంకా కళ్ల ముందుంది. అండర్సన్ చేతిలో ఎన్నిసార్లు బీట్ అయ్యాడో! అయిన ప్రతిసారీ ఏమీ జరగనట్టు గార్డ్ తీసుకున్నాడు. కోహ్లి లాంటి పౌరుషవంతుడికి అది ఎంత కష్టమో ఆలోచించండి. అంత నేర్చినవాడే 2024-25 ఆస్ట్రేలియా పర్యటనలో ఎనిమిదిసార్లు అవుటైతే ఎనిమిదీ కీపరో స్లిప్పులో పట్టినవే. ఒకసారి వచ్చిన ఈ విద్య ఎప్పటికీ ఉండిపోదు. ఈతలాంటిది కాదిది, సంగీతంలాంటిది. సాధకం ఆపితే పోతుంది.

పుజారాని ఎగతాళి చేసినవాళ్లు మా ఊళ్లోనే బోలెడంత మంది ఉన్నారు. 2018 జనవరిలో జొహానెస్‌బర్గ్ వాండరర్స్ పిచ్ మీద మొదటి పరుగు 54వ బంతికి తీశాడు. గ్యాలరీ చప్పట్లు కొట్టింది. మనవాళ్లు వాట్సాప్‌లో జోకులు పంచుకున్నారు. ఆ ఇన్నింగ్స్‌లో జట్టు మొత్తం 187. అందులో కోహ్లివి 54, పుజారావి 50, భువనేశ్వర్‌వి 30. ఇంకెవరూ రెండంకెలు చూడలేదు. ఆ మ్యాచ్ మనం 63 పరుగులతో గెలిచాం. ఆ 53 సున్నాలు లేకపోతే గెలిచేవాళ్లమా? నేనైతే లేదంటాను.

ఇంకొకటి ఎవరికీ గుర్తుండదు. 2002 హెడింగ్లీ. మబ్బులు, తేమ, మొదట ఫీల్డింగ్ తీసుకోవాల్సిన వికెట్. గంగూలీ టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాడు. సచిన్ 193 అందరికీ గుర్తు, ద్రావిడ్ 148 కొందరికి గుర్తు. ఆ ద్రావిడ్‌తో కలిసి మొదటి రోజు బంతి కుట్టు అరిగేదాకా నిలబడ్డ సంజయ్ బంగార్ 68 నాలాంటి పిచ్చివాళ్లకే గుర్తు. జట్టు 628 కొట్టి ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. బంగార్ కాసిన కాపుకి పండిన పంట అది.

అయితే అంతా పుజారాలే అవ్వాలని నేను అనను. నా వాదనకి అడ్డం వచ్చేవాడు మన హైదరాబాదీ, లక్ష్మణ్. 2010 డిసెంబర్, డర్బన్. ముందు సెంచూరియన్‌లో మనవాళ్లు తొలి ఇన్నింగ్స్‌లో 136కే ఆలౌటై ఇన్నింగ్స్ తేడాతో ఓడారు. డర్బన్‌లో ఇంకా పచ్చటి వికెట్. స్మిత్ టాస్ గెలిచి మనల్నే దించాడు. స్టెయిన్ ఆరు వికెట్లు తీసి 205కి కట్టేశాడు. అందులో లక్ష్మణ్‌వి 38, అదే అత్యధికం. రెండో ఇన్నింగ్స్‌లో జట్టు 228. అందులో లక్ష్మణ్ ఒక్కడివే 96. వెనక జహీర్ ఖాన్ 27 చేసి అండగా నిలిచాడు. లక్ష్యం 303, దక్షిణాఫ్రికా 215కి ముగిసింది.

ఆ రోజుల్లో మా బావమరిది పెళ్లి. మండపం పక్క గదిలో టీవీ. పంతులుగారు పిలుస్తున్నా మేం కదల్లేదు. లక్ష్మణ్ కాళ్లు కదలవని పుస్తకాలన్నీ చెబుతాయి. నిజంగానే పెద్దగా కదల్లేదు. కానీ బంతిని తన కంటి కిందకి వచ్చేదాకా రానిచ్చాడు. స్టెయిన్, మోర్కెల్ ఎన్నోసార్లు దాటించారు. బీట్ అయ్యాక ఆయన చేసే పని ఒకటుంది, ఏమీ చేయకపోవడం. మొహంలో విసుగుండదు, పిచ్ మీద తట్టుడు కూడా మొక్కుబడికే. తర్వాతి బంతి లెంగ్త్ కొంచెం తగ్గితే పుల్, పైకొస్తే డ్రైవ్. ముందు బంతి పగ తర్వాతి బంతి మీద తీర్చుకోలేదు. అంతే, వేరే రహస్యం లేదు. మావాడు తాళి కట్టే వేళకి నేను మండపంలోనే ఉన్నాను లెండి. ఫోటోలో కూడా ఉన్నాను, మొహం మాత్రం ఆ గది వైపు తిరిగి ఉంటుంది.

మన గాజువాక కుర్రాడు నితీశ్ 2024 నవంబర్‌లో పెర్త్‌లో తొలి టెస్టు ఆడుతూ 73కి 6 పడ్డాక వచ్చి, 150లో 41 కొట్టాడు. వాడిది కొట్టుడు దారి. అదీ దారే. కాకపోతే కొట్టేవాడికీ బీట్ అయ్యాక తల చల్లగా ఉండాలి. లేకపోతే ఆ రోజు నా ఆరో బంతి డ్రైవే గతి.

ఇక పచ్చిక ఉంచడం మోసమనే మాట. 2020లో క్రైస్ట్‌చర్చ్ టెస్టుకి ముందు పిచ్ ఎక్కడుందో కనుక్కోండి చూద్దామంటూ మన బోర్డే ఫోటో పెట్టింది. అందరం నవ్వుకున్నాం. మూడో రోజుకే ఓడాం. మొదటి గంటలోనే దుమ్ము లేచే పిచ్ మనం వేసినప్పుడు అవతలివాళ్లు ఏడిస్తే, ఆడటం రాక ఏడుస్తున్నారంటాం. అదే తక్కెడతో మనల్నీ తూచుకోవాలి కదా. పైగా ఇది విదేశీ జబ్బేమీ కాదు. 2024 అక్టోబర్‌లో బెంగళూరులో వాన వెలిశాక, కవర్ల కింద తేమ పట్టిన మన సొంత పిచ్ మీదే న్యూజిలాండ్ మనల్ని 46కి తీసింది. ఐదుగురు సున్నా. మాట్ హెన్రీకి 15 పరుగులకి 5. అక్కడ విమానం ఎక్కిందెవరు, చలికి వణికిందెవరు?

మే నెల ఎండలో విశాఖలో పచ్చిక పిచ్ పెంచమంటే నీళ్లు ఎవరిస్తారు? జిల్లాల్లో టర్ఫ్ వికెట్ దొరకడమే గగనం. అందుకే నేను నాటుపద్ధతి పట్టుకున్నాను. మ్యాట్ బిగించేటప్పుడు గుడ్ లెంగ్త్ దగ్గర రెండు మేకులు వదులుగా వదిలేస్తాను, కింద అక్కడక్కడా కొబ్బరి పీచు తుంపులు పెడతాను. పిల్లలకి ఎక్కడ పెట్టానో చెప్పను. బంతి ఇటో అటో గింజుకుంటుంది. నిలిచిన బ్యాట్‌ని దాటి బంతి పోతే ఒక పాయింటు. వెంటబడి ఎడ్జ్ ఇస్తే రెండు పాయింట్లు కోత. ఫోర్ కొడితే సున్నా. ఆ నాన్నగారికి గిట్టనిది ఈ ఆఖరి నియమమే. పుస్తకంలో గీతలకి చోటు లేకుండా చేశానని కోపం.

అయినా పిల్లాణ్ణి మాన్పించలేదు. జనవరిలో మెల్లగా పుస్తకంలో ఇంకో గడి గీశారు, పైన 'బీ' అని రాసుకున్నారు. ఒకరోజు పదకొండు వచ్చాయని ఆయనే నాకు చూపించారు, సంతోషించాలో వద్దో తేలని మొహంతో.

పోయిన ఆదివారం జిల్లా అండర్-14 మ్యాచ్. ఉదయం మంచు, కొత్త బంతి. మధ్యాహ్నం పన్నెండుకి ఆయన ఫోన్.

"సార్, మావాడు నలభై బంతులు నిలబడ్డాడండీ."

"ఎంత కొట్టాడు?"

"నాలుగు. తర్వాత ఒకటి వదిలేశాడండీ. అది లోపలికొచ్చి ఆఫ్ స్టంప్ ఎగరగొట్టింది. వదిలేసిన బంతికి బౌల్డ్ అయ్యాడు సార్! ఇప్పుడు దీన్ని ఏ గడిలో రాయమంటారు?"

నా దగ్గర జవాబు లేదు. రేపు పొద్దున్న ఆరింటికి వాణ్ణి తీసుకురమ్మన్నాను. ఆఫ్ స్టంప్ ఎక్కడుందో మళ్లీ మొదట్నుంచి చూపించాలి.