అనుమతి పత్రము కొరకు ఆగని వ్యాధి



1959 ఫిబ్రవరి 4న భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. సోవియట్ సహకారముతో లేచిన ఆ కర్మాగారమును నమ్ముకొని తెలుగు కుటుంబములు అనేకము తరలివచ్చినవి. దాని వెంట మార్షలింగ్ యార్డు, తపాలా కార్యాలయములు పెరిగినవి. ఇంతటి ఉక్కునగరమును నిర్మింపగలిగిన ప్రభుత్వము, ఆ ఉక్కును మోసెడి రైల్వే కార్మికుని బిడ్డకు మెదడు జబ్బు చేసిననాడు మాత్రము "పైకి వ్రాసితిమి, అనుమతి రావలెను" అనుటను మేము సహింపజాలము.

మేము చెప్పుచున్నది ఒక ప్రత్యేక వ్యాధిని గూర్చి. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి మెదడుపై దాడి చేయును. వైద్యులు దీనిని ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అందురు. ఇందు ముఖ్యమైన రకమును 2007లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున డాక్టర్ జోసెప్ డాల్మావ్ బృందము గుర్తించినది. పడుచు స్త్రీలకు, పిల్లలకు ఇది ఎక్కువ. కొందరు స్త్రీలలో అండాశయపు గడ్డ దీనికి మూలము. మొదట జ్వరము, తలనొప్పి; పిదప నిద్రలేమి, భయము, లేనివి కనిపించుట; ఆపైన మూర్ఛలు, మాట పడిపోవుట.

ఇంటివారి కంటికి ఇది పిచ్చివలె తోచును. గాలి సోకినదని తాయెత్తు కట్టించువారు కలరు. మానసిక రోగమని చీటీ వ్రాసి పంపివేయువారును కలరు. 2009లో న్యూయార్కున సుసానా కహలాన్ అను యువ విలేఖరికి సైతము ఇట్లే జరిగినది. మద్యము మానుటవలన వచ్చినదని కూడ ఆమెకు చెప్పిరి. చివరకు ఒక వైద్యుడు గడియారపు బొమ్మ గీయమనగా ఆమె అంకెలన్నిటిని కుడిప్రక్కనే వ్రాసినది. మెదడు కుడిభాగము వాచినదని ఆయన గ్రహించెను. ఆమె కోలుకొని తిరిగి ఉద్యోగమున చేరినది. కాగితము, పెన్సిలు! పరీక్ష అంత చిన్నది. కాని దానిని చదువగల కన్ను కావలెను. ఆ కన్ను గల వైద్యుని యొద్దకు మన రోగి ఎన్నినాళ్ళకు చేరుననుటయే ఇచట ప్రశ్న.

ఈ జబ్బుకు చికిత్స కలదు. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్, రక్తములోని ప్లాస్మాను మార్చుట, తగ్గనిచో రిటుక్సిమాబ్. 577 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, రెండేండ్లకు ప్రతి పదిమందిలో ఎనమండుగురు బాగుగా కోలుకొనిరి. ముందుగా చికిత్స అందినవారే ఎక్కువ మేలు పొందిరి. లక్షణములు స్పష్టముగానుండి ఇతర కారణములు లేవని తేలినచో, ప్రతిరక్షకముల పరీక్షాఫలితము కొరకు ఆగక చికిత్స మొదలిడవచ్చునని 2016లో అంతర్జాతీయ నిపుణులు సూచించిరి. పరీక్షాఫలితము కొరకే ఆగనక్కరలేని చోట, గుమాస్తా సంతకము కొరకు ఆగుట ఏ న్యాయము?

"అరుదైన జబ్బు, కొందరికై నియమములు మార్చజాలము" అని అధికారులు వాదింతురు. అట్లయిన రైల్వేలో ప్రమాద సహాయక వైద్య వ్యాను ఎందుకు సిద్ధముగా నిలిపియుంచుచున్నారు? బండి ప్రతిదినము పట్టాలు తప్పునని కాదు. తప్పిననాడు నిమిషము వృథా కారాదని. ఆ నీతి మనిషి మెదడుకు వర్తింపదా?

"ముందు ఖర్చు పెట్టుకొనుడు, తరువాత బిల్లు చూతము" అనుట రెండవ వాదము. ఏబది కిలోల రోగికి ఇమ్యునోగ్లోబ్యులిన్ సుమారు నూరు గ్రాములు కావలెను. ఖర్చు లక్షలలోనికి పోవును. పోస్టుమాన్ ఆ సొమ్ము ఎచటనుండి తెచ్చును? భార్య మెడలోని పుస్తెలు తాకట్టు పెట్టియా?

న్యాయస్థానము మాట వినుడు. 1992లో బెంగాలున రైలునుండి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కార్మికుని ప్రభుత్వ ఆస్పత్రులు వరుసగా త్రిప్పి పంపివేసినవి. సకాలమున వైద్యము అందింపకుండుట జీవించు హక్కునకు భంగమని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆస్పత్రి పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణముతో విశ్రాంత ఉద్యోగి వైద్యపు బిల్లును త్రోసిపుచ్చరాదని 2018 ఏప్రిల్ 13న అదే కోర్టు స్పష్టము చేసినది. మనము అడుగునది దయ కాదు.

భిలాయికి ఇనుపఖనిజము పంపిన దల్లీరాజహరా గని కార్మికులు, శంకర్ గుహ నియోగి నాయకత్వమున, తమ చెమటసొమ్ముతో 1983లో షహీద్ ఆస్పత్రిని నెలకొల్పుకొనిరి. 1991లో నియోగిని భిలాయిలో హత్య చేసిరి, ఆస్పత్రి నిలిచినది. చేతిలో పార తప్ప మరేమియు లేనివారు అంత చేయగా, ఖజానా గల ప్రభుత్వము ఒక అనుమతిని ఒక్క పూటలో ఇయ్యలేదా?

కావున మేము కోరునది ఇది. జ్వరము వెంట ప్రవర్తన మారి మూర్ఛలు వచ్చిన రోగిని ఆనాడే న్యూరాలజిస్టు గల ఆస్పత్రికి పంపవలెను. అనుమతి టెలిఫోనుపై ఇచ్చి, కాగితము తరువాత పంపవలెను. భిలాయివారికి రాయపూరు ఎయిమ్స్ దూరము కాదు. అచట చాలనిచో బెంగళూరు నిమ్హాన్స్‌కు పంపవలెను. ఖర్చును ఆస్పత్రికే నేరుగా చెల్లింపవలెను. వెంట నుండువానికి పాసు, సెలవు ఇయ్యవలెను. కాంట్రాక్టు కార్మికులను, గ్రామీణ డాక్ సేవకులను వేరుచేయరాదు.

శాఖా కార్యదర్శులారా! ఈ కోర్కెలను ప్రతి చర్చాసమావేశపు అజెండాలో చేర్పించుడు. సోదరులారా! ఇంటిలో ఎవరి ప్రవర్తనయైన అకస్మాత్తుగా మారినచో సిగ్గుపడి దాచకుడు. మొదట వైద్యునికి చూపుడు, వెంటనే యూనియనుకు తెలుపుడు. ఆ కాగితమును కదిలించు బాధ్యత మాది.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!