35 మార్కులు పడేశాం, ఇంకేం కావాలి?

2021 డిసెంబరు 16న తెలంగాణ ఇంటర్ ఫస్టియర్ ఫలితాలొచ్చాయి. 49 శాతమే పాస్. "ఆన్‌లైన్ బ్యాచ్ కదా" అని మన ఐటీ జనాలు ఇప్పటికీ వెటకారం చేస్తుంటారు.

అయ్యా, ఆ బ్యాచ్ కథ కాస్త వినండి. 2020లో వాళ్ళ పదో తరగతి పరీక్షలు మధ్యలోనే ఆగిపోయాయి. ఇంటర్ పాఠాలు టీవీలో. కాలేజీ గేటు తెరిచింది 2021 ఫిబ్రవరి 1న, మూసింది మార్చి 24న! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలు ఆ ఏడాది ల్యాబ్ మొహం చూడాలంటే ఆ కాస్త టైములోనే చూడాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు పొలానికి పోతే ఇంకేం ఆన్‌లైన్? మనకైతే కంపెనీ లాప్‌టాప్ ఇంటికే వచ్చింది లెండి.

సెప్టెంబరు 1న కాలేజీలు తెరిచారు. అక్టోబరు 25 నుంచి పరీక్షలన్నారు. అప్పటికి వాళ్ళు సెకండియర్, రాయాల్సిందేమో ఫస్టియర్! గోల పెరిగాక ఫెయిలైన వాళ్ళందరికీ కనీస మార్కులు 35 వేసి చేతులు దులుపుకున్నారు. పాస్ చెయ్యడాన్ని నేను తప్పు పట్టను. కానీ ఫెయిలైన టెస్ట్ కేసుని పాస్ అని మార్చేస్తే బగ్ పోతుందా? ముందు పాఠం మళ్ళీ మొదట్నుంచి చెప్పించాలి కదా.

చెప్పేవాళ్ళనైనా చూసుకున్నారా? 2021 ఏప్రిల్లో ప్రైవేటు స్కూలు టీచర్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించారు. మంచిదే. మరి ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు? వాళ్ళు ఆ లెక్కలోకే రాలేదు. ఊరంతా రైస్ మిల్లులుండే మిర్యాలగూడలో లెక్చరరుకి ఆ 25 కిలోలకీ దిక్కు లేదు.