ద్వీపమును చూడబోవువారికి

సెలవుదినములు సమీపించినంతనే మన ప్రాంతమున ద్వీపయాత్రలను గూర్చిన సంభాషణలు సాగుచున్నవి. ఒక తరమునకు ముందు సంగారెడ్డి గృహస్థునకు యాత్రయనిన ఏడుపాయలకో, యాదగిరిగుట్టకో, తిరుపతికో పోయివచ్చుటయే. జీవితమున కొకసారి కాశిని చూచినవాడు ధన్యుడు. నేడు రామచంద్రపురము, పటాన్‌చెరు, సంగారెడ్డిలలోని ఉద్యోగులును, వర్తకులును, నూతన దంపతులును విమానమెక్కి హిందూ మహాసముద్రము మీదుగా మారిషస్ ద్వీపమునకు పోయివచ్చుచున్నారు. దీనిని మేము తప్పుపట్టువారము కాము. కష్టించి యార్జించిన ధనముతో లోకమును చూచుట మంచిదే. అయితే చూచుటయన నేమి? ఇదియే మా ప్రశ్న.

ఆ ద్వీపము మిక్కిలి చిన్నది. ముఖ్యద్వీపము వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. మన సంగారెడ్డి జిల్లాలో సగమునకు తక్కువ. అయినను ఆ కొద్ది నేలపై ప్రకృతి యెన్నో వింతలను కూర్చినది. తీరమును చుట్టి పగడపు దిబ్బలు. వానికిని ఇసుకకును నడుమ నిశ్చలమైన నీలిజలము. పాంప్లెమూస్ ఉద్యానమున పెద్ద పళ్ళెములవంటి యాకులతో తేలియాడు రాక్షసి కలువలు. షామరేల్ నొద్ద ఒకేచోట ఏడు వన్నెల మన్ను. కొండలనడుమ గంగాతలావు; మహాశివరాత్రికి భక్తులు కావడులెత్తుకొని కాలినడకను ఆ సరస్సునకు వత్తురు. పోర్ట్ లూయీ నగరమునందలి ప్రదర్శనశాలలో ఎగురలేని డోడో పక్షి యొక్క ఎముకలు కలవు. డచ్చివారు 1598లో ఆ తీరమున దిగిన నూరేండ్లలోపలనే ఆ జాతి యంతయు నశించినది. ఇవియన్నియు చూడదగినవే.

కాని మన యాత్రికులలో పెక్కుమంది తీరికలేదని విడిచివచ్చు చోటొకటి అదే నగరమున రేవునొద్ద నున్నది. అది గొప్ప భవనము కాదు. కొన్ని పాతగోడలు, కొన్ని రాతిమెట్లు మాత్రమే. ఆప్రవాసి ఘాట్ అని దాని పేరు. పూర్వము కూలీఘాట్ అనెడివారు. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ 2006లో దానిని ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించినది. బానిసత్వము రద్దగుచుండగా చెరకుతోటల దొరలకు పనివారు కావలసివచ్చిరి. 1834 నవంబరు 2వ తేదీన కలకత్తానుండి అట్లాస్ అను నావ 36 మంది కూలీలతో చేరినది. అది మొదలు 1920 లోపల భారతదేశమునుండి దాదాపు ఐదులక్షలమంది ఆ ద్వీపమున దిగిరి. ఐదేండ్ల ఒప్పందము, నెలకు ఐదు రూపాయల జీతము, ఒకదినము పనికి రానిచో రెండుదినముల కూలి కోత. న్యాయశాస్త్రము చదివినవారికి ఇట్టి ఒప్పందమున 'ఉభయుల సమ్మతి' యను మాట ఎంత బూటకమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ మెట్లెక్కినవారిలో మనవారును కలరు. గోదావరి ముఖద్వారమునందలి కోరంగి రేవు పేరును బట్టి ఆ ద్వీపమున తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచిరి. వారి సంతతివారు నేటికిని సింహాద్రి అప్పన్నను కొలుచుచున్నారు, రామభజనము చేయుచున్నారు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వ సెలవుదినము. మూడవ ప్రపంచ తెలుగు మహాసభ 1990లో అక్కడనే జరిగినది. మన ఉగాదికి సెలవిచ్చు దేశమునకు పోయి, ఆ ఉగాది యే నావలో వచ్చినదో విచారింపక మరలివచ్చుట మనకు శోభించునా?

ఆ కూలీల చరిత్ర యందు గాంధీ మహాత్ముని పేరును కలదు. దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచు ఆయన 1901లో ఆ ద్వీపమున కొన్నిదినములు నిలిచెను. ఆయన ప్రోత్సాహమున 1907లో మణిలాల్ డాక్టర్ అను న్యాయవాది అచ్చటికి పోయి కూలీల పక్షమున వ్యాజ్యములు నడపెను. అంతకు పూర్వమే 1871లో ప్లెవిట్జ్ అను తెల్లవాడు తోడ్పడగా 9,401 మంది కూలీలు తమ బాధలను వ్రాసి అర్జీ పెట్టుకొనిరి. దాని ఫలితముగా రాజవిచారణ సంఘమొకటి ఏర్పడినది.

ఆ అర్జీలకంటెను మమ్ము ఆశ్చర్యపరచున దింకొకటి కలదు. మోకా యందలి మహాత్మాగాంధీ సంస్థలో నాటి వలసదారుల దాఖలాలు భద్రపరుపబడియున్నవి. ఒక్కొక్కని సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, ఊరు, వచ్చిన నావ, చేరిన తోట అందు వ్రాయబడినవి. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి ఛాయాచిత్రములును కలవు. ఇది దయతో చేసిన పని కాదు. పారిపోయిన కూలీని పట్టుకొనుటకును, చీటిలేక తిరుగువానిని చెరసాలకు పంపుటకును చేసిన లెక్క. అయినను ఆ లెక్క నిలిచినది. కనుకనే మునిమనుమడు నేడక్కడికి పోయి, తన ముత్తాత యే జిల్లాలోని యే పల్లెనుండి వచ్చెనో తెలిసికొనగలుగుచున్నాడు.

పటాన్‌చెరులోని పాఠకులకు ఈ ద్వీపపురాణ మేలయని ఎవరైన నడుగవచ్చును. మన పాశమైలారము, బొల్లారము, పటాన్‌చెరులును నేడు రేవులే. ఇచ్చట సముద్రము లేదు. నావలకు బదులు రైళ్ళు. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండులనుండి యువకులు దళారుల వెంట వచ్చి, ఒక్కొక్క గదిలో ఎనమండుగురు పదుగురు తలదాచుకొని, పన్నెండుగంటల షిఫ్టులు చేయుచున్నారు. వారి పేరు కంట్రాక్టరున కెరుక. కొన్నిచోట్ల కంట్రాక్టరుకు పనిచేయు మేస్త్రీకి మాత్రమే యెరుక.

2025 జూన్ 30వ తేదీన పాశమైలారములోని ఔషధ పదార్థముల కర్మాగారమొకదానిలో ప్రేలుడు సంభవించినది. నలువదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో పెక్కుమంది పరరాష్ట్రములవారు. తల్లిదండ్రులు దూరదేశములనుండి వచ్చి రక్తమిచ్చి, డీఎన్ఏ పరీక్షల ఫలితములకై ఆసుపత్రి వాకిట దినములకొలది వేచిరి. కొందరి అవశేషములైనను దొరకలేదు. ఆ వాకిటనున్నవారు ధనముకంటె ముందు అడిగిన ప్రశ్న యొకటే: మావాడు ఆ వేళ లోపల నుండెనా, లేదా?

నేటి కార్మికుడు స్వేచ్ఛాపౌరుడు, వానిని నాటి ఒప్పందపు కూలీతో పోల్చుట తగదని కొందరందురు. నిజమే, ఇతడు ఏనాడు తలచిన ఆనాడు ఊరికి పోవచ్చును. కాని ఆ స్వేచ్ఛాపౌరునకు మన చట్టము ఇచ్చిన హక్కు సంగతి యేమి? 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమును చేసినది. కంట్రాక్టరు ఒక్కొక్క కార్మికునకు ఛాయాచిత్రముతో కూడిన పాసుపుస్తకము నీయవలెననియు, అతని వివరములను ఉభయ రాష్ట్రముల అధికారులకు పదునైదు దినములలో తెలుపవలెననియు అది విధించినది. ఆ చట్టము 2020 నాటి వృత్తిభద్రతా కోడులో కలిసిపోయినది; ఆ కోడు 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చినది. చట్టముల పేర్లు మారినవి. పాసుపుస్తకమును చేత పట్టుకొన్న కార్మికుని మాత్రము మేము మా వృత్తిలో అరుదుగా చూచితిమి. వలసప్రభుత్వము కూలీని బంధించుటకై వ్రాసినపాటి లెక్కను స్వతంత్ర భారతము పౌరుని రక్షించుటకై వ్రాయజాలదా?

మేము కోరునది పెద్ద వ్యయముతో కూడిన పని కాదు. ప్రతి కర్మాగారమునందును ఆనాటి షిఫ్టులో లోపలికి పోయిన ప్రతివాని పేరును, ఊరును, ఇంటివారి ఫోనుసంఖ్యయు వ్రాయవలెను. కంట్రాక్టరు మనుష్యుడైనను, ఒక్కదినపు కూలియైనను విడువరాదు. ఆ పట్టిక ప్రతి యొకటి ఆవరణమునకు వెలుపల, కర్మాగారముతోపాటు కాలిపోని చోట నుండవలెను. ఇంకొకటి కార్మికశాఖ కార్యాలయమున కందవలెను. ఈపని చేయని యజమానికి అనుమతిపత్రము మరల నీయరాదు.

సంగారెడ్డిలో 1796 నాటి చెరసాల యొకటి కలదు. 2016లో దానిని ప్రదర్శనశాలగా మార్చి, 500 రూపాయలు చెల్లించినవారికి ఒకదినము ఖైదీవలె నుండు సౌకర్యమును కల్పించిరి. గతించిన బాధను చూచుటకు మనుష్యులు రుసుము చెల్లించి వత్తురు. వచ్చుట మంచిదే. కాని ఆ గోడలకు కొన్ని మైళ్ళ దూరమున నేడు సాగుచున్న బాధకు రుసుమును లేదు, చూచువారును లేరు.

కావున ద్వీపమునకు పోవు సోదరీసోదరులకు మా మనవి యొక్కటే. కలువలను చూడుడు, నీలిజలమున ఈదుడు, పిల్లలకు డోడో కథ చెప్పుడు. ఒక్క పూట మిగుల్చుకొని ఆప్రవాసి ఘాట్ మెట్లమీద నిలువుడు. అక్కడ దిగినవాడు మన కోరంగివాడని తలచుడు. మరలివచ్చిన మరునాడు పటాన్‌చెరు బస్సు నిలయమున మూటతో దిగు ఒడిశా కుర్రవానిని అదే కన్నుతో చూడుడు. మీ కర్మాగారమున అతని పేరు వ్రాసికొనిరా యని అడుగుడు. అట్లడిగిననాడు మీ యాత్ర సఫలమైనదని మేము భావింతుము.