నడుము కొలిచారు, మూత్రం చూశారా?

తెలుగునాట కిడ్నీ జబ్బు అనగానే ఉద్దానం గుర్తొస్తుంది. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో కొబ్బరి, జీడి తోటల్లో కష్టం చేసుకునేవాళ్లను పీడిస్తున్న ఆ జబ్బుకు అసలు కారణమేమిటో ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆసుపత్రి తెరుచుకుంది. కారణం తెలియని జబ్బు మీద అంత చర్చ జరగడం న్యాయమే. కారణం తెలిసిన మరో కిడ్నీ జబ్బు మీద మాత్రం ఆ చర్చ లేదు. దాని మొదలు పొట్ట దగ్గరుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశ సగటు 24. అదీ ఎత్తుకు తగ్గ బరువును లెక్కించే బీఎంఐని 25 నుంచి లెక్కేస్తే. భారతీయులు 23 నుంచే జాగ్రత్తపడాలన్నది మన వైద్యుల మాట.

లావెక్కితే షుగరు, బీపీ వస్తాయని, వాటివల్ల కిడ్నీలు పాడవుతాయని చాలామందికి తెలుసు. ఆ రెండూ లేకున్నా బరువే నేరుగా కిడ్నీని దెబ్బతీయగలదన్న సంగతే అంతగా ప్రచారంలో లేదు. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి. పుట్టాక కొత్తగా ఒక్కటీ రాదు. మనిషి 60 కిలోల నుంచి 95 కిలోలకు చేరినా రక్తాన్ని వడకట్టాల్సింది అవే. పని పెరిగి వాటి జల్లెడలు ఉబ్బుతాయి, గోడలు సాగుతాయి, ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారుతుంది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ వైద్యులు 1986-2000 మధ్య చేసిన 6,818 కిడ్నీ బయాప్సీలను తిరగేస్తే, ఈ రకం జబ్బు 0.2 శాతం నుంచి 2 శాతానికి పెరిగినట్టు తేలింది. కాలిఫోర్నియాలో 3.2 లక్షల మందిని పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం ఇంకా సూటిగా చెప్పింది: సరైన బరువున్నవారితో పోలిస్తే, బీఎంఐ 30-35 మధ్య ఉన్నవారికి కిడ్నీలు పూర్తిగా పాడయ్యే ముప్పు మూడు రెట్లకు పైనే, 40 దాటితే ఏడు రెట్లు. బీపీ, షుగర్ల ప్రభావాన్ని పక్కకు తీసినా బరువు పాత్ర మిగిలే ఉంది.

అసలు చిక్కు ఇక్కడే. మొదటి ఏళ్లలో లావుపాటి మనిషి కిడ్నీ మామూలుకన్నా ఎక్కువగా వడకడుతుంది. కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ మామూలుగానే వస్తుంది. రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉంటారు. క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీ సామర్థ్యం దాదాపు సగం పోయి ఉంటుంది. ముందే పసిగట్టగలిగేది మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష. ఖరీదైనదేమీ కాదు, కానీ షుగరు లేని మనిషికి దాన్ని రాసే అలవాటు తక్కువ.

బరువు తగ్గితే ఆ ప్రొటీన్ కారడమూ తగ్గుతుంది. మందుల విషయానికొస్తే, 3,533 మందిపై జరిగిన ఫ్లో ట్రయల్‌లో సెమాగ్లూటైడ్ సూదిమందు తీవ్రమైన కిడ్నీ సమస్యలను 24 శాతం తగ్గించిందని 2024లో వెల్లడైంది. అయితే వాళ్లంతా షుగరుతో పాటు కిడ్నీ జబ్బూ ఉన్నవాళ్లు. పెళ్లికి ముందు సన్నబడాలనుకునేవాళ్లకు ఆ ఫలితాన్ని అంటగట్టడం కుదరదు. పొట్ట కరిగించే మూలికా పొడులతో మరింత జాగ్రత్త అవసరం. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే క్లినిక్‌కు వెళ్లిన మహిళలకు ఒక చైనా మూలికకు బదులు కిడ్నీలకు హాని చేసే అరిస్టోలోకియా అనే మొక్క కలిసిన గుళికలు అందాయి. సన్నబడాలని వెళ్లినవాళ్లలో పలువురు డయాలసిస్ దాకా వెళ్లారు.

మన దగ్గర పేదల డయాలసిస్ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య పథకాలు భరిస్తున్నాయి. డయాలసిస్ అవసరం పడడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆరోగ్య వ్యవస్థ ఆ రోగి గడప తొక్కుతోంది. 30 ఏళ్లు దాటినవారి కోసం ఆశా కార్యకర్త నింపే పత్రంలో నడుము కొలతకు ఒక గడి ఉంది. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు మార్కులు పడతాయి. టేపు ఉంది, మనిషి ఉంది, కొలతా ఉంది. కొలత దాటినవారిని మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షకు పంపాలన్న ఒక్క వాక్యం ఆ పత్రంలో చేర్చడానికి కొత్త పథకమేదీ ప్రకటించనక్కర్లేదు.