తిమ్మిరికి తొందరపడి పేరు పెట్టకండి

సైదాబాదు నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ వెళ్ళే దారిలో ఇరువైపులా చూడండి. ఎం.ఆర్.ఐ. తీసే కేంద్రాల బోర్డులు ఎన్నో కనిపిస్తాయి. కాలు తిమ్మిరెక్కినా, కన్ను మసకబారినా ముందు స్కానింగు తీయించుకుని, ఆ తరువాత ఆ రిపోర్టును చదివే వైద్యుని వెదికే అలవాటు మనలో పెరుగుతోంది. మరోవైపు, రిపోర్టులో ఏమీ కనిపించకపోతే “ఏమీ లేదమ్మా, అంతా టెన్షనే” అని పంపివేసే అలవాటూ ఉంది. ఈ రెండూ తప్పేనని నా అభిప్రాయం. మల్టిపుల్ స్క్లెరోసిస్ విషయంలో ఈ రెండు అలవాట్లూ చేసే హాని మరింత ఎక్కువ.

మెదడులోను, వెన్నుపాములోను ఉండే నాడీతంతువుల చుట్టూ మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. విద్యుత్తు తీగకు ప్లాస్టిక్ తొడుగు వంటిది. మన రక్షణవ్యవస్థ పొరబడి ఈ తొడుగుపై దాడిచేసినప్పుడు ఆయా చోట్ల నాడీ సంకేతాలు మందగిస్తాయి, లేదా ఆగిపోతాయి. గాయం మానినా మచ్చ మిగులుతుంది. అనేక మచ్చలు అనే అర్థంలోనే దీనికి ఆ పేరు వచ్చింది. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1868లో దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగా స్పష్టంగా వివరించాడు. ప్రపంచంలో సుమారు 28 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నట్లు 2020 నాటి అంచనా. పురుషులకంటె స్త్రీలలో రెండింతలకు పైగా కనిపిస్తుంది. సాధారణంగా 20 నుండి 40 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. మంగుళూరు నగరంలో జరిగిన సర్వేలో లక్షకు సుమారు 8 మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. అదే లెక్కను కోటి జనాభా గల నగరానికి అన్వయిస్తే 800 మంది అవుతారు. అరుదైన జబ్బే, కాని మన వీధికి రానంత అరుదైనది కాదు. కోచింగుల కోసం వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండే యువతీయువకుల వయస్సూ, ఈ వ్యాధి మొదలయ్యే వయస్సూ దాదాపు ఒకటే.

లక్షణాలు ఎలా ఉంటాయి? ఒక కంటి చూపు కొద్ది రోజులలో మసకబారుతుంది. కనుగుడ్డు కదిపితే నొప్పి పుడుతుంది, ఎరుపు రంగు వెలిసినట్లు కనిపిస్తుంది. పాదాలలో మొదలైన తిమ్మిరి నడుము వరకు ఎక్కుతుంది. పొట్ట చుట్టూ గట్టిగా కట్టు బిగించినట్లు ఉంటుంది. మెడ వంచగానే వెన్ను వెంట కరెంటు షాకు కొట్టినట్లు అనిపిస్తుంది. ఒక వస్తువు రెండుగా కనిపించవచ్చు, నడక తూలవచ్చు, మూత్రం ఆపుకోలేకపోవచ్చు. ఈ బాధలు కొన్ని వారాలుండి తమంతట తామే తగ్గిపోవచ్చు. తగ్గాయి గనుక ఇంటివారు మరచిపోతారు. కంటికని కళ్ళజోడు మారుస్తారు. తిమ్మిరికని మరుసటి ఏడు ఎముకల వైద్యుని వద్దకు వెళతారు. తూలుడుకని ఆ తరువాత చెవి వైద్యుని చూస్తారు. ముగ్గురూ మంచి వైద్యులే కావచ్చు. కాని మూడు సంఘటనలనూ ఒక్కచోట పేర్చి చూసినవారు ఎవరూ ఉండరు.

రోగనిర్ణయానికి కీలకం ఆ పేర్చడమే. 2001లో మెక్‌డొనాల్డ్ పేరిట ఏర్పడి, ఆ తరువాత పలుమార్లు సవరించబడిన ప్రమాణాలు చాలాకాలం ప్రధానంగా రెండు విషయాలు అడుగుతూ వచ్చాయి: నాడీమండలంలో ఒకటికంటె ఎక్కువ చోట్ల దెబ్బ తగిలిందా, అది వేర్వేరు కాలాలలో తగిలిందా? ఎం.ఆర్.ఐ.లోని మచ్చల తీరు, వెన్నునీటి పరీక్ష ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పడంలో తోడ్పడతాయి. అయితే మూడవ నియమం కూడా ఉంది. ఈ లక్షణాలకు ఇంతకంటె తగిన కారణం మరొకటి ఉండకూడదు. మెదడులో తెల్లని చుక్కలు పార్శ్వపు నొప్పి ఉన్నవారిలోను, రక్తపోటు, మధుమేహం ఉన్నవారిలోను, వయస్సు పైబడినవారిలోను కనిపిస్తాయి. రోగి కథ తెలియకుండా చుక్కలు లెక్కపెట్టడం వలన అనవసర భయమే మిగులుతుంది.

ఆ “మరొక కారణం” మన ప్రాంతంలో ఏమై ఉండవచ్చునో ఆలోచించండి. విటమిన్ బి12 లోపం వెన్నుపామును దెబ్బతీసి అచ్చం ఇలాంటి తిమ్మిరినే, తూలుడునే కలిగిస్తుంది. సకాలంలో గుర్తిస్తే చవకైన సూదిమందుతో లొంగుతుంది. ఎల్.బి.నగర్ మీదుగా నగరానికి వచ్చే నల్లగొండ ప్రాంతపు పెద్దలలో ఫ్లోరోసిస్ వలన వెన్నెముక గట్టిపడి వెన్నుపాము నలగవచ్చు. క్షయ, మెడ ఎముకల అరుగుదల, లూపస్, సిఫిలిస్ కూడా ఈ రూపంలో రావచ్చు. అన్నింటికంటె ముఖ్యమైనది న్యూరోమైలైటిస్ ఆప్టికా. దీనిని గుర్తించే ఆక్వాపోరిన్-4 ప్రతిదేహాన్ని 2004లో కనుగొన్నారు. అంతకుముందు చాలామంది దీనిని మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఒక రకంగా భావించేవారు. ఇంటర్‌ఫెరాన్ వంటి మల్టిపుల్ స్క్లెరోసిస్ మందులు ఆ వ్యాధిని మరింత ముదిరేలా చేయగలవు. పేరు తప్పితే మందూ తప్పుతుంది, చూపూ నడకా పోవచ్చు. అందుకే తొందరపాటు పేరు వద్దంటున్నాను.

తొందరపాటు స్టీరాయిడూ వద్దు. దృష్టినాడి తాపంపై అమెరికాలో జరిగిన ప్రసిద్ధ పరిశోధనలో, సాధారణ మోతాదులో ప్రెడ్నిసోన్ మాత్రలు మాత్రమే వాడినవారికి ఆ తాపం మళ్ళీ రావడం ఎక్కువైనట్లు 1992లో వెల్లడైంది. కన్ను మసకబారగానే మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కునేవారు దీనిని గుర్తుంచుకోవాలి. స్టీరాయిడు అవసరమైతే ఎంత, ఏ రూపంలో అన్నది నిపుణులే నిర్ణయించాలి.

ఇక “టెన్షన్” మాట. మనస్సుకు సంబంధించిన కారణాలతో కాళ్ళూ చేతులూ పనిచేయకపోవడం నిజమే, అదీ నిజమైన బాధే. కాని దానికి పరీక్షలో కనిపించే తన సొంత గుర్తులున్నాయి. రిపోర్టు మామూలుగా ఉన్నంత మాత్రాన ఆ ముద్ర వేయరాదు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో “పెళ్ళి భయం”, “చదువు భయం” అంటూ కొట్టివేయడం అన్యాయం. పెళ్ళి సంబంధాలు చెడతాయని జబ్బునే దాచిపెట్టడం మరొక అన్యాయం. ఈ వ్యాధి ఉన్న స్త్రీలు వైద్యుల పర్యవేక్షణలో బిడ్డలను కనగలరు.

మీకు ఇటువంటి లక్షణాలుంటే ఒక నోటుపుస్తకం తీయండి. ఏ తేదీన ఏ భాగంలో మొదలైందో, ఎన్నాళ్ళున్నదో, ఎంత తగ్గిందో రాయండి. 24 గంటలకంటె ఎక్కువ నిలిచిందా, అప్పుడు జ్వరమున్నదా అన్నవి తప్పక రాయండి. మే నెల ఎండలో నడచినప్పుడో, వేడినీళ్ళ స్నానం తరువాతనో పాత బాధ తిరిగివచ్చి, చల్లబడగానే పోతే అది కూడా రాయండి. అది కొత్త దాడి కాదు గాని విలువైన ఆధారం. పాత చీటీలు, ఫిల్ములు, సీడీలు ఒకే సంచిలో పెట్టండి. ముందు మీ ఫిజీషియన్‌ను చూసి, ఆయన చీటీతో న్యూరాలజిస్టు వద్దకు వెళ్ళండి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులున్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా పంజాగుట్టలో దిగి నిమ్స్‌కు చేరవచ్చు. నెలకొక ఆసుపత్రి మార్చకండి. మార్చిన ప్రతిసారీ మీ కథ మొదటికి వస్తుంది. అయితే చూపు వేగంగా తగ్గుతున్నా, కాళ్ళు పడిపోతున్నా, మూత్రం బిగిసినా నోటుపుస్తకం కోసం ఆగవద్దు, ఆనాడే ఆసుపత్రికి వెళ్ళండి.

అన్నీ చేసినా వైద్యుడు “ఇప్పుడే చెప్పలేను, ఆరు నెలలకు మళ్ళీ చూద్దాం” అనవచ్చు. ఆయన చేతకానివాడని అనుకోకండి. పైన చెప్పిన పరిశోధనలోనే దృష్టినాడి తాపం వచ్చినవారిని 15 ఏళ్ళు గమనించారు. మొదట మెదడు ఎం.ఆర్.ఐ.లో మచ్చలు లేనివారిలో నూటికి 25 మందికి, ఉన్నవారిలో 72 మందికి మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చింది. అంటే వేచిచూడడం కూడా వైద్యంలో భాగమే. కాని ఆ వేచివుండడానికి ఒక తేదీ ఉండాలి, ఏ లక్షణం కనిపిస్తే ముందే రావాలో చెప్పాలి. ఆ రెండూ అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

చివరకు ఆ పేరే ఖాయమైతే కుంగిపోవద్దు. దాడులను తగ్గించే మందులు నేడు అనేకం ఉన్నాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధికి మూడు మందులను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను 21 వైకల్యాలలో ఒకటిగా పేర్కొన్నది. 1985లో ఏర్పడిన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా రోగులకు అండగా ఉంది. ఈ సాయమంతా సరియైన పేరు దొరికినవారికే అందుతుంది. ఆ పేరు దొరకడానికి వైద్యుడు మీ కథను ఓపికగా వినాలి. మీరు దానిని తేదీలతో సహా ఉన్నదున్నట్లు చెప్పాలి. స్కానింగు స్థానం ఆ తరువాతే.