నేల మారితే దూలానికి గండం

పుదుచ్చేరిలోని నెల్లితోపులో పాత ఇల్లు బాగుచేయించేవారికి సాధారణంగా రెండు కోరికలు. అరిగిపోయిన గచ్చు తీసేసి తళతళలాడే టైల్స్ వేయించాలి. పైన టేకు దూలాలను మాత్రం పాలిష్ పట్టించి, వచ్చినవారికి కనబడేలా ఉంచాలి. ఈ రెండూ వేర్వేరు పనులనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

ఈ ఇళ్ల పైకప్పు మద్రాస్ టెర్రస్. గోడ నుంచి గోడకు దూలాలు, వాటిపై దగ్గరదగ్గరగా దంతెలు, ఆపైన చిన్న ఇటుకలను నిలబెట్టి ఐమూలగా సున్నంతో పేరుస్తారు. దానిమీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి పోసి రోజుల తరబడి కర్రలతో మోదుతారు. ఈ బరువంతా చివరకు చేరేది గోడలో దూరిన దూలం కొసకు. అంటే కంటికి కనిపించని జానెడు చెక్కకు.

పాత సున్నపు గచ్చులోంచి నేల తేమ కొంత ఆవిరైపోతుంది. దాన్ని పెకలించి సిమెంటు కాంక్రీటు పోసి, నీరు పీల్చని విట్రిఫైడ్ టైల్స్ పరిస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ గోడ పట్టుకుంటుంది. గోడకూ సిమెంటు పూస్తే లోపలి చెమ్మ ఆరదు, పైనుంచి కారిన వాన నీరూ ఆరదు. చెమ్మ గోడలో చెదలు సులువుగా ఎక్కుతాయి. పాలిష్ మెరుస్తూనే ఉంటుంది, కొస మాత్రం పుచ్చిపోతుంది.

కారుతోందని మిద్దె మీద సిమెంటుతో మరో వరస వేయడం ఇంకో అలవాటు. దానివల్ల పెరిగేది దూలం మోయాల్సిన బరువే. ఫాల్స్ సీలింగ్ కొడితే మరక కూడా కనబడదు. దూలాలను కప్పకుండా ఉంచడంలో అందం కన్నా ఈ కాపలాయే ముఖ్యం.

నిర్లక్ష్యం ఖరీదు ఊరికి తెలియనిది కాదు. సముద్రతీరాన ఫ్రెంచివారి కాలంనాటి మేరీ భవనం 2014 నవంబరులో జోరువానకు కూలింది. దాన్ని సుమారు రూ. 15 కోట్లతో తిరిగి కట్టి 2021 ఫిబ్రవరిలో ప్రారంభించారు. 2024 నవంబరు 30న తీరం దాటిన ఫెంగల్ తుపాను ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు పైగా వాన కురిపించింది. ప్రభుత్వ భవనానికి కోట్లు దొరికాయి. బులెవార్డుల మధ్యనున్న పాత పట్టణంలో ఇంటాక్ చేయూతతో వైశ్యాళ్ వీధి బాగుపడి, 2008లో యునెస్కో గుర్తింపు పొందింది. నెల్లితోపు ఆ గీతకు అవతల ఉంది. ఇక్కడ యజమాని జేబే దిక్కు.

అలాగని పని అసాధ్యమేమీ కాదు. ముందు మిద్దె మీద నీళ్లు నిలవకుండా వాలు, తూములు సరిచేయాలి. తర్వాత ప్రతి దూలం కొసనూ ఉలితో పొడిచి చూడాలి. పుచ్చితే కింద ముట్లు పెట్టి, ఆ ముక్క వరకే కోసి కొత్తది అతికించవచ్చు, లేదా ఇనుప పట్టీలతో బిగించవచ్చు. నేల వంతు చివర్న. ఆత్తంగుడి పలకలో, కడప బండలో సున్నం పరుపుపై వేసి, సందుల్లోనూ సున్నమే నింపితే గోడకు పీడ ఉండదు. అతుక్కి ఆరిన టేకు కావాలంటే కారైకుడి పాత సామాన్ల అంగళ్లలో వెతకాలి. అక్కడికి చేరేది చాలావరకు కూల్చేసిన ఇళ్ల దూలాలే.