డబ్బా మూత తీయించిన సర్కారు

అక్కయ్యలూ, చెల్లెమ్మలూ! పొద్దున్నే పిల్లాడికి క్యారియరు కట్టి బడికి పంపారనుకోండి. మధ్యాహ్నం పంతులమ్మ మూత తీయించి, "ఇదేంటి, వట్టి వరన్నమే తెచ్చావే?" అని నిలదీస్తే మీకెలా ఉంటుంది?

ఇదేం చోద్యం అనకండి. 1970ల్లో దక్షిణ కొరియా బడుల్లో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ జనానికి సరిపడా బియ్యం పండేది కాదు. అందుకని అన్నంలో బార్లీ కలిపి వండుకోమని సర్కారు గట్టిగా చెప్పింది. కలిపారో లేదో పిల్లల డబ్బాలు తెరిచి చూసేవారు. బుధ, శనివారాల్లో పగటిపూట హోటళ్ళలో వరన్నం వడ్డించకూడదనే నిబంధన కూడా ఉండేది!

మరోపక్క, పల్లె సేద్యం కోసం 1962లో పెట్టిన ప్రభుత్వ సంస్థ ఎక్కువ దిగుబడినిచ్చే 'తోంగిల్' అనే వరి వంగడాన్ని 1972 నుంచి రైతులకు పంచింది. 1977 నాటికి దేశానికి సరిపడా బియ్యం పండాయి. మరి బార్లీ ఏమైంది? భయంతో కలిపినదే గానీ ఇష్టంతో తిన్నది కాదు గదా! బియ్యం దొరకగానే గిన్నెలోంచి జారుకుంది. విచిత్రం చూడండి, 1970లో అక్కడ మనిషి ఏడాదికి 136 కిలోల బియ్యం తింటే, 2023లో తిన్నది 56 కిలోలే. ఇప్పుడు ఆ సర్కారే బియ్యం తినండమ్మా అని బతిమాలుతోంది!

ఆ ఊసు మనకెందుకంటారా? మన రాయచోటి వైపు ఇదే కథ తిరగబడి నడిచింది. వాన మొఖం చాటేసే నేలలు మనవి. కొర్ర, సజ్జ, జొన్న, రాగి పండేవి. వరన్నం పండగకో, చుట్టాలొస్తేనో. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చింది. పస్తులున్న ఇళ్ళలో పొయ్యి వెలిగింది. ఆ మేలు మరిచిపోకూడదు. కానీ దాంతోపాటే మన మనసులో ఒక మాట నాటుకుంది. 'వరన్నం ఉన్నోళ్ళది, సంగటి లేనోళ్ళది' అని. వద్దని ఎవరూ చెప్పలేదు. మనమే సంగటి గిన్నెను చుట్టాల కంటపడకుండా దాచాం. అడిగేవాళ్ళు తగ్గాక కొర్ర చేలు కూడా తగ్గిపోయాయి.

ప్రభుత్వాలు చేసేది చేస్తున్నాయి. 2013 ఆహార భద్రత చట్టం బియ్యం, గోధుమలతో పాటు చిరుధాన్యాలనూ రేషన్లో ఇవ్వొచ్చంది. నంద్యాల పరిశోధన కేంద్రం 'సూర్యనంది' లాంటి కొర్ర వంగడాలు తెచ్చింది. 2023లో మన బడుల్లో రాగిజావ మొదలైంది. కానీ, "అవ్వా, ఈ నల్లముద్ద నాకొద్దు" అనే మనవడికి రుచి మప్పే ఆఫీసు ఎక్కడుంది చెప్పండి? మన వంటిల్లే!

బియ్యంతో తగువు అక్కర్లేదు. గ్లాసు రేషన్ బియ్యం కడిగి, నాలుగున్నర గ్లాసుల నీళ్ళు, ఉప్పు వేసి మెత్తగా ఉడికించండి. నీళ్ళు ఇంకా ఉండగానే గ్లాసు రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్నని సెగమీద ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. దించి, తెడ్డుతో ఉండకట్టకుండా కెలికి, చేయి తడిచేసుకుని ముద్దలు చేయండి. పెద్దలకు చెనిక్కాయల ఊరిబిండి, పిల్లలకు నెయ్యీ బెల్లమూ. మొదట్లో పిండి సగమే వేయండి, నాలుక అలవాటు పడ్డాక పెంచొచ్చు.

నూరు గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. బియ్యంలో పది దాకా ఉంటే గొప్ప. ఎదిగే పిల్లలకూ, మోకాళ్ళు పట్టుకుని లేచే మనకూ ఇది చిన్న లెక్క కాదు. అయితే కొర్రన్నం కదా అని కుండెడు తింటే మాత్రం చక్కెర జబ్బు ఊరుకోదు సుమా!

మన గిన్నె మూత తీసి చూడటానికి ఏ పంతులమ్మా రాదు. వారానికి రెండు పూటలు మనమే తీసి చూసుకుందాం. ఈసారి చుట్టాలొచ్చినప్పుడు సంగటి ముద్ద దాచకండి. ముందు దాన్నే వడ్డించండి!